స్పానిష్‌లో ఎల్, లా ఎక్కడ తప్పుతున్నాం? మునుగోడు నీళ్ల వ్యాసం దిద్దిపెట్టండి

మునుగోడు_అమ్మాయి
అందరికీ నమస్తే. హైదరాబాద్‌లో హాస్టల్‌లో ఉండి డిగ్రీ చదువుతున్నాను. సాయంత్రాలు స్పానిష్ క్లాసు, ఎనిమిది నెలలైంది. వచ్చే ఏడాది డెలె ఏ2 పరీక్ష రాయాలని ఉంది.

మొన్న క్లాసులో "మా ఊరి సమస్య" మీద వ్యాసం రాయమన్నారు. మాది మునుగోడు పక్కన పల్లె. ఏం రాయాలా అని ఆలోచించే పనే పడలేదు. ఫ్లోరైడ్ నీళ్లు, మా తాత వంగిపోయిన మోకాళ్లు, గారపట్టిన పళ్లు. మాటలన్నీ డిక్షనరీ చూసి కష్టపడి పోగేశాను. కాగితం తిరిగొచ్చాక చూస్తే పద్నాలుగు ఎర్ర గీతలు. అందులో పదకొండు లింగం దగ్గర, ఎల్, లా, ఊన్, ఊనా అనే ఆర్టికల్స్ దగ్గరే! (ఎల్, ఊన్ పుంలింగానికి, లా, ఊనా స్త్రీలింగానికి.)

మచ్చుకు కొన్ని. "లా ప్రొబ్లేమా" అన్నాను, తప్పు. నేను స్టూడెంట్‌ని అనడానికి "సోయ్ ఊనా ఎస్తుద్యాంతే" అన్నాను, ఊనా కొట్టేశారు. తాతకు మోకాళ్లు నొస్తాయని చెప్పడానికి "లె దుయేలెన్ సుస్ రొదీయాస్" అన్నాను, సుస్ (ఆయన) తీసేసి లాస్ (లాకు బహువచనం) పెట్టారు. "లా కాసా దె మి అబ్వేలో ఎస్ వియేహో" అంటే మా తాత ఇల్లు పాతది అనుకున్నా, వియేహా అని దిద్దారు. అన్నిటికంటే మంట పుట్టింది నీళ్ల దగ్గర. ఆగ్వాకు ముందు ఎల్ ఉంటుందని నేర్పింది వాళ్లే. ఎల్ అంటే పుంలింగం కదా, అందుకే కలుషితమైన నీళ్లు అనడానికి "ఎల్ ఆగ్వా కొంతమినాదో" అని రాశాను. దాన్ని కొంతమినాదా చేశారు. ఇదెక్కడి న్యాయం?

నైట్‌షిఫ్ట్_నల్లగొండ
చెల్లెమ్మా, టెన్షన్ పడకు. నేను నాలుగేళ్లుగా రాత్రిపూట మెక్సికో, కొలంబియా కస్టమర్ల కాల్స్ తీసుకుంటున్నా. ఎల్ బదులు లా అన్నంత మాత్రాన ఎవరూ ఫోన్ పెట్టేయలేదు.

నా చిట్కా ఒకటి చెప్తా. లింగం గుర్తురాకపోతే ఎల్, లా జోలికే పోకు. "మి", "సు" అను. మి అంటే నా, సు అంటే మీ లేదా వారి. వాటికి లింగం లేదు. మి ప్రొబ్లేమా, సు ఆగ్వా. విశేషణం కావాలంటే గ్రాందే, ఇంపొర్తాంతే, దిఫీసిల్ లాంటివి వాడు. వీటికి పుంలింగంలో, స్త్రీలింగంలో రూపం ఒక్కటే. నా కాల్స్ సగం ఈ మూడు మాటల మీదే నడుస్తాయి.

పండిట్‌జీ_దేవరకొండ
నాకు స్పానిష్ ఒక్క ముక్క రాదు. ముప్పై ఒక్క ఏళ్లు హిందీ పండిట్‌గా పనిచేసి రిటైరయ్యాను. ఇందులో తలదూర్చడానికి కారణం, ఈ అమ్మాయి ఏడుపు నేను ముప్పై ఒక్క బ్యాచ్‌లలో విన్నాను.

"సార్, కితాబ్ ఆడది ఎట్లయింది? మకాన్ మగది ఎట్లయింది?" అని ప్రతి ఏడాదీ ఒకడు లేచేవాడు. వాడి తప్పు లేదు. తెలుగులో మనం మాటను చూసి లింగం చెప్పం, మనిషిని చూసి చెబుతాం. అతను వచ్చాడు. ఆమె వచ్చింది. ఆవు వచ్చింది. బస్సు వచ్చింది. మగమనిషి ఒకవైపు, లోకంలో ఉన్నదంతా మరోవైపు. బహువచనానికి వచ్చేసరికి ఆడవాళ్లు మగవాళ్లతో కలిసి "వచ్చారు" అవుతారు, ఆవులు మాత్రం "వచ్చాయి" దగ్గరే ఆగిపోతాయి. మహత్తు, మహతి, అమహత్తు అని వ్యాకరణంలో చదువుకున్నాం కదా, అదే ఇది. ఎక్కడ చూసినా అర్థమే దారి చూపిస్తుంది. బల్లకు లింగం ఏమిటని అడగాల్సిన అవసరం మనకు రాదు.

అందుకే మన పిల్లలు హిందీలో బల్లను చూసి లింగం వెతుకుతారు. బల్లలో ఏముంటుంది? అది మాటకు పుట్టుకతో వచ్చిన ఇంటిపేరు లాంటిది. "మి", "సు" వెనక దాక్కోవడం మాత్రం నాకు నచ్చలేదు నాయనా. రేపు పరీక్షలో మూడో మాటకే బయటపడతావు.

నైట్‌షిఫ్ట్_నల్లగొండ
పండిట్ గారూ, నేను మీ స్టూడెంట్‌నే అయి ఉంటా. మీ ఊళ్లోనే పదో తరగతి. హిందీలో ముప్పై ఆరు మార్కులు.

మాడ్రిడ్_మనోడు
వనపర్తి వాణ్ణి, ఆరేళ్లుగా ఇక్కడ ఉద్యోగం. ముందు నీళ్ల సంగతి తేలుద్దాం.

ఆగ్వా స్త్రీలింగమే. బహువచనంలో లాస్ ఆగ్వాస్. ఫ్రీయా (చల్లని), కొంతమినాదా, ముచా (చాలా) అన్నీ స్త్రీలింగంలోనే వస్తాయి. ఏకవచనంలో సరిగ్గా దాని ముందు మాత్రం లా బదులు ఎల్ వస్తుంది. మాట "ఆ" శబ్దంతో మొదలై, ఊనిక కూడా ఆ అక్షరం మీదే పడితేనే ఇది. ఎల్ ఆగిలా అంటే గద్ద, ఎల్ ఆల్మా అంటే ఆత్మ, ఎల్ ఆంబ్రే అంటే ఆకలి. అన్నీ స్త్రీలింగాలే. అందుకే "తెంగో ముచా ఆంబ్రే" అంటాం. అమీగా (స్నేహితురాలు)లో ఊనిక "మీ" మీద ఉంది కాబట్టి అది మామూలుగా లా అమీగా.

ఇంకో సంగతి, ఈ ఎల్ మగ ఎల్ కానే కాదు. లాటిన్‌లో "ఇల్లా" అనే స్త్రీలింగ పదం ఉండేది. పాత స్పానిష్‌లో అది "ఎలా" అయింది. హల్లు ముందు మొదటి అచ్చు పోయి "లా" మిగిలింది. అచ్చు ముందు చివరి అచ్చు పోయి "ఎల్" మిగిలింది. చూడటానికి మగ ఎల్ లాగే ఉంటుంది, అంతే.

పండిట్‌జీ_దేవరకొండ
ఆగండి ఆగండి. ఎల + ఆగ్వా = ఎలాగ్వా. ముందు మాట చివరి అకారం పోయింది. మేన + అల్లుడు = మేనల్లుడు. ఇది మన అత్వసంధి లాంటిదే! ఇంత చిన్న విషయానికి ఆ అమ్మాయికి ఎర్ర గీత పెట్టినవాళ్లు సంధి అని ఒక్క మాట చెబితే పోయేది కదా.

మాడ్రిడ్_మనోడు
ఆరేళ్లలో నాకు తట్టలేదు సార్. ఇకనుంచి మేనల్లుడి సూత్రం అనే చెప్తా.

అమ్మాయికి ఇంకో ఊరట. ఇక్కడ పుట్టి పెరిగినవాళ్లు కూడా ఈ ఎల్ దెబ్బకు పడిపోతారు. "ఈ నీళ్లు" అనడానికి ఎస్తా ఆగ్వా అనాలి. ఎస్తె ఆగ్వా అని ఆఫీసులో రోజూ వింటాను. ఎల్ మారుతుంది కదా అని ఎస్తాను కూడా మార్చేస్తారన్నమాట. మన తప్పూ వాళ్ల తప్పూ ఒకే గుంటలో.

కొత్త_బ్యాచ్
నేను చేరి ఆరు వారాలే. మాకు ఒక రూల్ చెప్పారు. "ఓ"తో ముగిస్తే పుంలింగం, "ఆ"తో ముగిస్తే స్త్రీలింగం, "మా"తో ముగిస్తే మళ్లీ పుంలింగం. ఎల్ ప్రొబ్లేమా, ఎల్ సిస్తేమా, ఎల్ ప్రొగ్రామా, ఎల్ క్లీమా, ఎల్ ఇదియోమా. దీంతో అక్క సమస్య తీరిపోతుంది కదా? నేను నిన్నటి హోంవర్కులో ఎల్ కామా అని కూడా రాశాను.

మునుగోడు_అమ్మాయి
కామా అంటే మంచం. అది లా కామా. ఇదే గొడవ నాకు.

మాడ్రిడ్_మనోడు
ప్రొబ్లేమా గుంపు గ్రీకు నుంచి వచ్చింది. గ్రీకులో అవి నపుంసకలింగం. స్పానిష్‌లో నామవాచకాలకు నపుంసకం లేదు కాబట్టి పుంలింగంలో సర్దుకున్నాయి. కామా, రామా (కొమ్మ), ఫోర్మా, క్రేమా, ఫీర్మా (సంతకం) ఆ గుంపు కాదు, మామూలు స్త్రీలింగాలు.

కొందరు "ఇంగ్లీషులో ప్రాబ్లమ్, సిస్టమ్, ప్రోగ్రామ్ లాగా తెలిసిన మాట అయితే పుంలింగం" అని చెప్తారు. నమ్మకండి. ఫామ్, నార్మ్, అలారమ్, ప్లాట్‌ఫామ్ కూడా తెలిసిన మాటలే. అవన్నీ లా ఫోర్మా, లా నోర్మా, లా అలార్మా, లా ప్లాతఫోర్మా. రూల్ కంటే ఓ పదిహేను మాటలు నోటికి పట్టించుకోవడం సులువు.

మిగతావి కారణం తెలిస్తే గుర్తుంటాయి. లా మానో (చెయ్యి) లాటిన్‌లోనే స్త్రీలింగం. లా ఫోతో, లా మోతో అసలు ఫొతొగ్రఫీయా, మొతొసిక్లేతా. తోక తెగినా లింగం పోలేదు. ఎల్ దీయా (రోజు) గుర్తుండాలంటే పొద్దున చెప్పే పలకరింపే చాలు, బువేనోస్ దీయాస్. మధ్యాహ్నం బువేనాస్ తార్దెస్, రాత్రి బువేనాస్ నోచెస్. మొదటి రోజు క్లాసులో నేర్చుకున్న మూడు మాటల్లోనే రెండు లింగాలూ ఉన్నాయి.

నీ వ్యాసానికి పనికొచ్చేది ఒకటి. ఫ్లోరోసిస్ స్త్రీలింగం. "సిస్"తో ముగిసేవి చాలావరకు అంతే, లా క్రీసిస్, లా దోసిస్, లా తేసిస్. కానీ నీటి పరీక్షకు వాడే మాట ఎల్ అనాలిసిస్. దీన్ని విడిగా రాసి పెట్టుకో.

పాలమూరు_చాయ్
మాది మహబూబ్‌నగర్. ఇంట్లో ఉర్దూ, బయట తెలుగు. పండిట్ గారన్నట్టు మాటకు లింగం ఉంటుందనేది నాకు కొత్త కాదు. అందుకే మొదటి నెల క్లాసులో నేనే ఫస్ట్. రెండో నెలలో బోల్తా పడ్డాను.

ఎందుకంటే నా చెవిలో ముందే వేరే లింగం కూర్చుని ఉంది. కితాబ్ స్త్రీలింగం, ఎల్ లీబ్రో పుంలింగం. హాథ్ పుంలింగం, లా మానో స్త్రీలింగం. ఆంఖ్ స్త్రీలింగం, ఎల్ ఓహో పుంలింగం. ముక్కు ఒక్కటి కనికరించింది, నాక్ స్త్రీలింగం, లా నరీస్ కూడా స్త్రీలింగం. మీ తెలుగువాళ్లది ఖాళీ పలక, రాసుకోవచ్చు. నాది రాసి ఉన్న పలక, ముందు తుడవాలి.

అయితే విశేషణాన్ని మార్చాలనే అలవాటు మాత్రం నాకు పుట్టుకతో ఉంది. మీరు తప్పుతున్నది అసలు అక్కడే అనిపిస్తుంది. అమ్మాయి రాసిన "లా కాసా దె మి అబ్వేలో ఎస్ వియేహో" చూడండి. కాసాకు లా సరిగ్గానే పెట్టింది. మధ్యలో తాత అడ్డొచ్చాడు, ఇంటిని వదిలేసి విశేషణం తాత పక్కకు పోయింది. ఇది తెలియక చేసిన తప్పు కాదు, మర్చిపోయి చేసిన తప్పు.

మునుగోడు_అమ్మాయి
మీరన్నాక మళ్లీ లెక్కపెట్టాను. పదకొండులో ఐదు ఇలాంటివే. పక్కపక్కన ఉంటే బాగానే రాస్తున్నా. మధ్యలో రెండు మాటలు వస్తే చాలు, మొదటిది మర్చిపోతున్నా.

మాడ్రిడ్_మనోడు
ఇక మోకాళ్ల సంగతి. ఇది చెప్పాలనే పొద్దున్నుంచి చూస్తున్నా.

"లె దుయేలెన్ సుస్ రొదీయాస్" ఎక్కడి నుంచి వచ్చింది? తెలుగు నుంచి కాదు. నువ్వు ఇంట్లో "తాతకు మోకాళ్లు నొస్తున్నాయి" అంటావు. "తాత యొక్క ఆయన మోకాళ్లు" అనవు. తాతకు, మోకాళ్లు, నొస్తున్నాయి. స్పానిష్‌లో లె, లాస్ రొదీయాస్, దుయేలెన్. ముక్కకు ముక్క సరిపోయింది. సుస్ అనే మాటను ఇంగ్లీష్ మీడియం తెచ్చిపెట్టింది.

చేతులు కడుక్కోవడం చూడు. "చేతులు కడుక్కున్నా" అంటాం. ఎవరి చేతులని ఎవరైనా అడుగుతారా? "కున్నా"లోనే నా చేతులని ఉంది. స్పానిష్‌లో "మే లావో లాస్ మానోస్". మన "కొను" చేసే పని అక్కడ "మే" చేస్తుంది. నా చేతులు అని చెప్పే మాట రెండు భాషల్లోనూ అక్కర్లేదు.

"నాకు చాయ్ ఇష్టం" కూడా అంతే, "మే గుస్తా ఎల్ తే". నాకు అనే మాటతో మొదలుపెట్టడం ఇంగ్లీషువాళ్లకు నెలలు పడుతుంది. మనకు అక్కర్లేదు. తే ముందు ఎల్ ఒక్కటే మనం పెట్టుకోవాలి. చాయ్ అనే వస్తువు మొత్తం గురించి మాట్లాడుతున్నప్పుడు స్పానిష్ ఆర్టికల్ అడుగుతుంది.

సోయ్ ఎస్తుద్యాంతే కూడా అదే కథ. "నేను ఒక విద్యార్థిని" అని మాట్లాడే తెలుగువాణ్ణి నేను చూడలేదు, ఇంగ్లీషు నుంచి దించిన పుస్తకాల్లో తప్ప. నేను స్టూడెంట్‌ని, అంతే. అయితే "మంచి డాక్టరు" అనాలంటే ఊన్ తిరిగి వస్తుంది, "ఎస్ ఊన్ బుయేన్ మేదికో". అక్కడ తెలుగు సాయం చేయదు.

నీ ఎర్ర గీతల్లో సగం ఇంగ్లీషు నుంచి దించినందుకే. తెలుగులో ఆలోచించి రాసిన చోట తప్పు తక్కువ ఉంది చూసుకో.

పాలమూరు_చాయ్
అన్నా, ఒప్పుకుంటా గానీ పూర్తిగా కాదు. తెలుగులో ఆర్టికలే లేదు. అది ఎక్కడ పెట్టాలో తెలుగు ఎట్లా చెప్తుంది? మోకాళ్ల దగ్గర "ఆమె, ఆయన" వద్దని తెలుగు చెప్తుంది, "లాస్ పెట్టు" అని చెప్పదు. తెలుగులో ఆలోచించి రాస్తే మా తమ్ముడు "లె దుయేలెన్ రొదీయాస్" అని రాస్తాడు.

మాడ్రిడ్_మనోడు
నిజమే. ఒక తప్పు పోయి ఇంకో తప్పు వస్తుంది. అయినా సుస్ వేసిన అలవాటు మాన్పడం కంటే, ఖాళీ చోట లాస్ వేయడం నేర్పడం తేలికని నా అనుభవం.

ఎస్_సార్_కాదు_ఎస్_మేడం
జడ్చర్ల నుంచి. నాది వేరే రకం తప్పు. వీడియోలు చూసి నేర్చుకున్నా, చెప్పేది మగ సారు. ఆయన "ఎస్తోయ్ కన్సాదో" అంటే నేనూ ఆరు నెలలు "ఎస్తోయ్ కన్సాదో" అన్నాను. పరిచయం కాగానే "ఎంకంతాదో" (కలిసినందుకు సంతోషం) అన్నాను. ఒకరోజు అవతలి అమ్మాయి నవ్వి కన్సాదా, ఎంకంతాదా అని దిద్దింది. తెలుగులో "అలిసిపోయా" అని మొగుడూ అంటాడు, పెళ్లామూ అంటుంది. ఇక్కడ అలసటకు కూడా లింగం ఉంది. ఆడపిల్లలకు మొదటి రోజే ఎవరైనా చెప్పాలి ఇది.

పాలమూరు_చాయ్
థక్ గయా, థక్ గయీ. మా అమ్మ రోజుకు పది సార్లు అంటుంది మేడం, మీరు అడగాల్సింది.

మగ్గం_పుట్టపాక
చర్చ బాగుంది. మాది నేత ఇల్లు, తేలియా రుమాలు నేస్తాం. 2021లో పోచంపల్లిని ఐక్యరాజ్యసమితి పర్యాటక సంస్థ ఉత్తమ పర్యాటక గ్రామంగా ఎంపిక చేసింది కదా. ఆ సంస్థ ఆఫీసు ఉన్నది మాడ్రిడ్‌లోనే. అప్పటినుంచి నాకు స్పానిష్ పిచ్చి పట్టింది. స్పెయిన్‌లో మయోర్కా దీవిలో కూడా మనలాగే నూలుకు కట్టు కట్టి రంగులద్ది నేస్తారు. ఆ బట్టను "తేలా దె లెంగ్వాస్" అంటారు, నాలుకల బట్ట అని. డిజైన్ అంచులు నాలుకల్లా సాగి ఉంటాయి మరి.

మగ్గం మాటలకు లింగం నేను నా పద్ధతిలో పట్టాను. మాటను ఒంటరిగా రాయను. ఎల్ ఈలో రోహో, ఎర్ర దారం. లా సేదా బ్లాంకా, తెల్ల పట్టు. ఎల్ తెలార్ వియేహో, పాత మగ్గం. తెలార్ చివర ఓ లేదు, ఆ లేదు, ఒంటరిగా చూస్తే ఏమీ తెలియదు. పక్కన వియేహో కూర్చుంటే తెలుస్తుంది. ఎల్, లా మాత్రమే బట్టీ పడితే అవి చిన్న మాటలు, నోట్లో జారిపోతాయి. రంగుతో కలిపి అల్లితే జారవు.

ఒక సందేహం. పత్తిని ఎల్ అల్గొదోన్ అంటారు. ఇది అరబ్బీ మాట అంటున్నారు, నిజమేనా?

పాలమూరు_చాయ్
నిజమే, అల్ ఖుత్న్. ఆ "అల్" అరబ్బీ ఆర్టికలే! స్పానిష్‌వాళ్లు మాటతోపాటు ఆర్టికల్‌ని కూడా మింగేసి, పైన మళ్లీ ఎల్ పెట్టుకున్నారు. ఆ ఆ పత్తి అన్నట్టు. అర్రోస్ (బియ్యం), అసూకార్ (చక్కెర) కూడా అదే బాపతు. అసూకార్ ఇంకా తమాషా, దాన్ని పుంలింగంగానూ వాడతారు, స్త్రీలింగంగానూ వాడతారు, రెండూ ఒప్పే. మన శర్కర అంత దూరం నడిచి వెళ్లి, లింగం తేల్చుకోలేక మధ్యలో నిలబడింది.

మాడ్రిడ్_మనోడు
పైజామా కూడా. మన దగ్గర నుంచి ఇంగ్లీషు మీదుగా స్పానిష్‌కు వెళ్లింది. స్పెయిన్‌లో ఎల్ పిహామా, మెక్సికోలో లా పిహామా. సముద్రం దాటగానే లింగం మారింది.

నల్లగొండవాళ్ల కోసం ఒకటి. నారింజ, లా నరాంహా, సంస్కృతం నుంచి ఫారసీ, అరబ్బీ మీదుగా వెళ్లిన ఒకే మాట. పండు లా నరాంహా, చెట్టు ఎల్ నరాంహో. ఆపిల్ కూడా పండు మన్సానా, చెట్టు మన్సానో. మీ బత్తాయి తోటలో నిలబడి చెట్టుకు ఎల్, పండుకు లా అనుకోండి. కొల్లాపూర్ మామిడి తోటలో మాత్రం ఈ పప్పు ఉడకదు, మామిడి ఎప్పుడూ ఎల్ మాంగోనే. లా మాంగా అంటే చొక్కా చెయ్యి.

నైట్‌షిఫ్ట్_నల్లగొండ
పొద్దున నేను ఎవరూ ఫోన్ పెట్టేయరని అన్నాను. పూర్తి నిజం చెప్పాలి కాబట్టి చెప్తున్నా. లింగం మారితే అర్థమే మారే మాటలు కొన్ని ఉన్నాయి, అక్కడ దొరికిపోయాను. కస్టమర్ సరుకు ఆర్డర్ గురించి మాట్లాడుతుంటే "లా ఓర్దెన్" అనడానికి బదులు "ఎల్ ఓర్దెన్" అన్నాను. అంటే క్రమం, వరస. అవతల అర నిమిషం నిశ్శబ్దం. పాపా అనే మాట ఇంకా ప్రమాదం. లా పాపా అంటే ఆలుగడ్డ, ఎల్ పాపా అంటే పోప్ గారు. ఎల్ కపితాల్ పెట్టుబడి, లా కపితాల్ రాజధాని. ఎల్ కూరా చర్చి ఫాదర్, లా కూరా వైద్యం.

ఇలాంటివి ఓ ఇరవై ఉంటాయి. వీటి మీద ప్రాణం పెట్టండి. మిగతా చోట తప్పితే అవతలివాళ్లు మనసులో దిద్దుకుంటారు, మనల్ని ఆపరు. ఆపకపోవడమే నా కొంప ముంచిందని కూడా అనిపిస్తుంది. నాలుగేళ్లయినా "ఊనా ప్రొబ్లేమా" నా నోట్లో నుంచి పోలేదు.

పండిట్‌జీ_దేవరకొండ
ముప్పై ఆరు మార్కులకు కారణం తెలిసింది.

మునుగోడు_అమ్మాయి
అందరికీ చాలా థాంక్స్. నిన్న రాత్రి వ్యాసం మళ్లీ రాశాను. ముందు తెలుగులో గట్టిగా అనుకుని, తర్వాత ప్రతి విశేషణం దగ్గర ఆగి "నువ్వు ఎవరి తాలూకు?" అని అడిగి రాశాను. కింద పెడుతున్నా. ఒక్క తప్పు కావాలనే ఉంచాను. పట్టుకోండి చూద్దాం.

"ఎల్ ప్రొబ్లేమా దె మి ప్వేబ్లో ఎస్ ఎల్ ఆగ్వా. ఎల్ ఆగ్వా దెల్ పోసో ఎస్తా కొంతమినాదా. లా ఫ్లువొరోసిస్ ఎస్ ఊనా ఎన్ఫెర్మెదాద్ మలా. అ మి అబ్వేలో లె దుయేలెన్ లాస్ రొదీయాస్. లా కాసా దె మి అబ్వేలో ఎస్ వియేహా. తెంగో ఊన్ ఫోతో దె లా కాసా."

తెలుగులో: మా ఊరి సమస్య నీళ్లు. బావి నీళ్లు చెడిపోయాయి. ఫ్లోరోసిస్ చెడ్డ జబ్బు. మా తాతకు మోకాళ్లు నొస్తాయి. మా తాత ఇల్లు పాతది. నా దగ్గర ఆ ఇంటి ఫొటో ఉంది.

కొత్త_బ్యాచ్
ఎల్ ఆగ్వా తప్పు! ఆగ్వా స్త్రీలింగం కదా, లా ఆగ్వా అనాలి!

మగ్గం_పుట్టపాక
తమ్మీ, మేనల్లుడు.

పండిట్‌జీ_దేవరకొండ
ఊన్ ఫోతో. తోక తెగినా లింగం పోదని పైన చెప్పారు కదా. ఊనా ఉండాలి.